తిట్లు మరిచిపోయిన అక్క

మొన్న తళవాయిపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. వెనక ఎవరో ఆడమనిషి కండక్టరును తిడుతోంది. దిగాల్సిన చోట దింపకుండా బస్టాండుదాకా లాక్కొచ్చాడని తగాదా. ఆ గొంతు లేచిన తీరు, ఊపిరి తీసుకోకుండా ఒక మాట వెంట ఇంకో మాట పరిగెత్తిన తీరు వినగానే నా తల గభాల్న వెనక్కి తిరిగింది. అక్క కాదని నాకు తెలుసు. అక్క పోయి ఏడాది దాటింది. అయినా తిరిగి చూశాను. ఎవరో చిన్న వయసామె, చంకలో బిడ్డ. కండక్టరు నవ్వుతున్నాడు. అక్క తిడితే ఏ కండక్టరూ నవ్విన పాపాన పోలేదు.

నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను బెంచీమీదే కూర్చుండిపోయాను.

రాజపాళయం బస్టాండులో ఆమె పేరు ఎవరికీ తెలియదు. టీ కొట్టతను, పూలమ్మేవాళ్లు, డ్రైవర్లు, పోలీసులు, అందరూ అక్క అనే పిలిచేవాళ్లు. ఆ పిలుపులో ప్రేమకంటే భయం ఎక్కువ. మూతపడిన టికెట్ల గది గోడవారన ఆమె చోటు. మనిషి ఎండిన మునక్కాయలా ఉండేది. నోరు తెరిస్తే మాత్రం బస్టాండంతా సద్దుమణిగేది. తాగి పక్కన కూర్చోబోయినవాడినీ, లేచి పొమ్మని కర్రతో తట్టినవాడినీ, జాలిగా చూస్తూ నిలబడినవాడినీ ఒకే ఎత్తున తిట్టేది. సగం తెలుగు, సగం తమిళం. "నీ చెయ్యి పడిపోను, నీ కాల్లో మేకు దిగ" అని ఎత్తుకుని, "నీ ముక్కులో పంజు పెట్ట!" అని ముగించేది. పంజు అంటే దూది. మాది దూది ఊరు. ఆస్పత్రి దూది, బ్యాండేజీ గుడ్డ ఇక్కడినుంచే ఊళ్లకు పోతాయి. ఆమె కూడా వయసులో ఆ పని చేసినదే. శవం ముక్కులో దూది ఎందుకు పెడతారో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. మనిషి చేతినీ కాలినీ నోటినీ తిట్టేది, బస్సు టైరునూ ఇంజన్నూ తిట్టేది గాని, "నీ ఇల్లు కూల" అని మాత్రం ఎవరినీ అనేది కాదు. మన నోళ్లలో అంత తేలిగ్గా ఆడే తిట్టు అది. ఎందుకు అనవని తర్వాతెప్పుడో అడిగాను.

"వాడు చేసినదానికి వాడు పడాల. ఇల్లు కూలితే వాని పెండ్లామూ బిడ్డలూ గదా రోడ్డుకి వచ్చేది? వాళ్లేమి చేసినారు?" అంది.

అప్పట్లో నేను ఒక ట్రస్టులో పనిచేసేదాన్ని. రోడ్డుమీద బతికే వాళ్లకు గదులిచ్చే పని వాళ్లది. జిన్నింగు మిల్లు వెనక సందులో ఒకప్పుడు పనివాళ్లున్న వరస ఇళ్లను అద్దెకు తీసుకుని, సున్నం కొట్టించి, మనిషికొక గది ఇచ్చేవాళ్లు. తాళంచెవి వాళ్ల చేతికే. తాగుడు మానితేనే గది, మందులు మింగితేనే గది అనే షరతులు లేవు. ముందు గది, తర్వాతే మిగతావన్నీ. వారానికోసారి నర్సు వచ్చేది. ఆస్పత్రికి తోడు వెళ్లడం, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, కొళాయి దగ్గర తగాదాలు తీర్చడం నా వంతు.

అక్క కాలికి పుండయితే నర్సూ నేనూ కట్టు కట్టడానికి వెళ్లాం. ఇద్దర్నీ తిట్టింది. తిడుతూనే కాలు చాపింది. మళ్లీ వెళ్లాం, మళ్లీ తిట్టింది. పుండు మానుముఖం పట్టాక గది సంగతి కదిలించాను.

"ఊరకనే రూము ఇస్తారా? ఏమిటికి, నన్ను ఏమి చేసేదానికి?"

"ఏమీ చెయ్యము అక్కా. వచ్చి చూడు. మనసుకు పట్టకపోతే తిరిగి వచ్చేయి."

వచ్చింది. చంకలో మూట దించకుండా గుమ్మంలో నిలబడింది. మంచం వైపు చూడలేదు, పొయ్యి వైపు చూడలేదు, ఫ్యాను వేసి చూపిస్తే తలెత్తలేదు. తలుపు రెక్కను ముందుకూ వెనక్కూ ఆడించి చూసింది.

"ఈ గడియ ఎవురి పక్క?"

"లోపలి పక్క అక్కా."

"బయట?"

"బయట నీ తాళమే. ఇంకొక చెవి నా దగ్గర ఉంటాది, నీకు ఒళ్లు బాగలేకపోతే తెరిచేదానికి."

"అది నువ్వు ఎవురికీ ఇయ్యకూడదు పాపా."

"ఇయ్యను."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది. బయట నేనూ నర్సూ నిలబడ్డాం. గడియ పడిన చప్పుడు, తీసిన చప్పుడు, మళ్లీ పడిన చప్పుడు. తర్వాత, లోపలి స్నానాల మూలనున్న తొట్టి దగ్గర నీళ్ల చప్పుడు. అది ఎంతకీ ఆగలేదు. ఏమైందోనని నర్సు తలుపు తట్టింది. "ఉండండి, ఇంకా నేను అయిపోలే" అని లోపలినుంచి కేక. ఆ మాటకు నర్సు నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. రోడ్డుమీద ఉన్న ఆడది స్నానం ఎలా చేస్తుందో అంతవరకూ నేను ఆలోచించి ఎరగను. కట్టిన చీరతోనే కొళాయి కింద కూర్చోవాలి, కట్టిన చీర ఒంటిమీదే ఆరాలి, ఎవడైనా చూస్తున్నాడా అని నాలుగు పక్కలా కళ్లు పెట్టాలి. అన్నేళ్ల తర్వాత చీర పక్కన పెట్టి, మూసిన తలుపు వెనక, తన ఒంటిని తను చూసుకుంటూ నీళ్లు పోసుకుంటున్న మనిషిని తొందరపెట్టే హక్కు ఎవరికి ఉంది?

బయటికి వచ్చినప్పుడు తడిజుట్టు వీపంతా పరుచుకుని ఉంది. నేననుకున్నదానికంటే చాలా చిన్నది. ముసలిదనం చాలావరకు మురికే.

గదైతే వచ్చింది గాని ఆమె చాలాకాలం అందులో బస్టాండులో ఉన్నట్టే ఉంది. మంచం వదిలి తలుపుకు వీపు ఆనించి కింద పడుకునేది. మూట విప్పేది కాదు. అన్నం తినేటప్పుడు పళ్లెం ఒడిలో పెట్టుకుని ఎడమచేత్తో అంచు పట్టుకునేది, ఎవరో లాక్కుంటారన్నట్టు. తిట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. కొళాయి దగ్గర వంతు తప్పినవాళ్లకు, గట్టిగా పాటలు పెట్టినవాళ్లకు, అందరికీ ముక్కులో దూదే.

ఎక్కువ తిట్లు తిన్నవాడు పక్క గది తాత. ఆయన మిల్లులో వాచ్‌మన్‌గా చేసి, మిల్లు మూతపడి, భార్య పోయి, రైల్వే స్టేషనులో కొన్నేళ్లు గడిపి మా దగ్గరికి వచ్చాడు. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మే. పొద్దస్తమానం దగ్గేవాడు. గోడ ఇవతలినుంచి అక్క, "చచ్చే దగ్గు, నీ గొంతులో ముల్లు దిగ!" అని అరిచేది. "సరి తల్లీ, ఇంక దగ్గను" అని వినయంగా చెప్పి తాత మళ్లీ దగ్గేవాడు. ఆమెతో మాట్లాడతానులే అని నేనంటే వద్దన్నాడు.

"విడిచిపెట్టమ్మా. టేషన్లో నన్ను ఎవురూ తిట్టలే. నేను ఉండానని గూడా ఎవురికీ తెలియదు. ఈమె దినమూ తిడతాది. అంటే నేను ఉండాననే గదా?"

మూట విప్పింది ఎప్పుడో మేమెవరం చూడలేదు. ఒకరోజు వెళ్తే గూట్లో ఒక దువ్వెన, పగిలిన అద్దం, ఒక జత పాత గాజులు, ఏదో గుడి ప్రసాదపు కుంకుమ వరసగా పెట్టి ఉన్నాయి. మూటగుడ్డ ఉతికి తీగమీద ఆరేసి ఉంది. తర్వాత మంచమెక్కింది. తర్వాత, బ్యాండేజీ చుట్టే పని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. గుమ్మంలో కాళ్లు చాపుకుని గుడ్డను తొడమీద పరిచి చుట్ట చుట్టేది. ఆ వేళ్ల వడి చూస్తే వయసులో ఎంత పనిమంతురాలో తెలిసేది. మధ్యాహ్నం పని ఆపి, తలుపు బార్లా తెరిచిపెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోయేది. పగటిపూట నిద్ర. తలుపు తెరిచి నిద్ర. ఆ దృశ్యం చూడటానికి నేను పని ఉన్నా లేకపోయినా ఆ వేళకు ఆ సందులోకి వెళ్లేదాన్ని.

తిట్లు ఎప్పుడు పలచబడ్డాయో చెప్పలేను. తాత దగ్గు ఎక్కువైన వానాకాలంలో గోడ అవతలికి తిట్టుతోబాటు మిరియాల రసం వెళ్లేది. కొన్నాళ్లకు రసమే వెళ్లింది, తిట్టు వెళ్లలేదు. ఒకరోజు కొళాయి దగ్గర ఎవరో ఆమె బిందెను పక్కకు జరిపారు. అందరం ఊపిరి బిగబట్టాం. అక్క నడుమున చెయ్యి పెట్టింది. "నీ చెయ్యి పడి... నీ ముక్కులో..." అని ఆగింది. మళ్లీ, "నీ ముక్కులో..." అంది. మాట దొరకనట్టు అందరి మొహాలు చూసింది. చివరికి తనే ఫక్కున నవ్వేసింది.

"మరిచిపోయినా పాపా! నోటికి రాలే!"

కొళాయి దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. తాత అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ట్రస్టు పెద్దలు చూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకూ గర్వంగా ఉంది. అలా మెత్తబడ్డ మనిషి మళ్లీ రోడ్డున పడితే ఏమిటన్న ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదు. ఆమెకూ రాలేదు.

ఇళ్ల యజమాని మంచివాడు. ఆయన పోయాక కొడుకులు పంచుకున్నారు. పంచుకున్నాక అమ్ముకున్నారు. వాళ్ల ఆస్తి, వాళ్లిష్టం. అదే ఏడాది ట్రస్టుకు వచ్చే సాయం ఆగిపోయింది. ఇంకో చోటు చూస్తామన్నారు, చూశారు, కుదరలేదు. ఒక మధ్యాహ్నం ట్రస్టు అధికారి వచ్చి, అందర్నీ ముంగిట్లో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. మంచి మనిషే.

అందరూ విన్నారు. అక్క లేచి నిలబడి అడిగింది.

"మేము ఏమి తప్పు చేసినాము సార్?"

"మీ తప్పేమీ లేదమ్మా. మీరెవరూ ఏ తప్పూ చెయ్యలేదు."

"తప్పు చేసింటే చెప్పండి, సరి చేసుకుంటాము. తప్పే లేదంటే ఇంక మేము ఏమి చేసేది?"

ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు.

ఒక్కొక్కరికీ ఏదో ఒక దారి చూశాం. తాతను సేత్తూరులో ఉన్న ఆయన మేనకోడలు తీసుకుపోయింది. ఆమె ఎన్నడూ చూడటానికి రాని మనిషి, కాని మామ శుభ్రంగా, మందులు వేసుకుంటూ, పింఛను తెచ్చుకుంటూ ఉన్నాడని తెలిశాక ధైర్యం చేసింది. గది చేసిన మేలు అది. అక్కకు అలా వచ్చేవాళ్లు లేరు. వేరే ఊళ్లో ఒక ఆశ్రమంలో చోటు దొరికితే నేనే దింపి వచ్చాను. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, సాయంత్రం కాగానే బయటినుంచి గేటుకు తాళం. వాళ్లు చెడ్డవాళ్లు కారు, అన్నం బాగానే పెడతారు. అక్క హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి నా దగ్గరికి వచ్చి, "పరవాలేదు పాపా, నువ్వు పో" అంది. అంత మర్యాదగా ఆమె మాట్లాడితే నాకు భయం వేసింది.

వారం తిరక్కుండానే బస్టాండుకు వచ్చేసింది.

టీ కొట్టతను ఫోన్ చేస్తే పరిగెత్తాను. పాత టికెట్ల గది గోడవారనే ఉంది, మూట కట్టుకుని. చీర ఇంకా శుభ్రంగానే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కాఫీ చెప్పాను. అంతలో ఒకడు తూలుకుంటూ వచ్చి, "జరుగు, ఇది నా చోటు" అని ఆమె మూటను కాలితో తోశాడు. టీ కొట్టతను, పూలామె, నేను, ముగ్గురం అక్క వైపే చూస్తున్నాం. అక్క మూట తీసుకుని లేచి నిలబడింది. పక్కకు జరిగింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "తిట్టక్కా! వాన్ని తిట్టు! ఏమిటికి ఊరకుండావు?" అని ఆమె భుజం పట్టి ఊపాను.

ఆమె నిజంగానే ప్రయత్నించింది. పెదవులు కదిలాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. తర్వాత నా చెయ్యి మెల్లగా తీసి తన చేతిలో పెట్టుకుంది.

"రాలేదు పాపా. లోపల యాడో ఉండాది, పైకి రాలేదు. నాలుగు దినాలు పోతే వస్తాదేమో చూస్తాము."

ఆ పూటే మా ఇంటికి తీసుకెళ్లాను. రెండు గదుల ఇల్లు, అత్తగారు, పిల్లలు. అత్తగారు ఏమీ అనలేదు, కూర కూడా వడ్డించింది. అక్క గోడకు ఆనుకుని పళ్లెం ఒడిలో పెట్టుకుని ఎడమచేత్తో అంచు పట్టుకుంది. మర్నాడు నేను లేచేసరికి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, మనిషి లేదు. తర్వాత అద్దె గదుల కోసం తిరిగాను. "ఒంటి ఆడమనిషా? సొంతవాళ్లు ఎవురూ లేరా? ఇన్నాళ్లు యాడ ఉండినాది?" అని అడిగేవాళ్లు. ఇన్నాళ్లు ఒక గదిలో ఉందంటే ఆ గది ఎలాంటిదని అడిగేవాళ్లు. అది చెప్పాక తలుపు మూసేవాళ్లు. ఇంతలో నాకూ ఒక బ్యాండేజీ కంపెనీలో పని దొరికింది. పొద్దున పోతే పొద్దుగూకాక రావడం. ఆదివారాలు మాత్రం బస్టాండుకు వెళ్లేదాన్ని. ఒక్కో ఆదివారం ఆమె కనబడేది కాదు. ఎక్కడికి వెళ్లావంటే, "ఊరకనే, అట్ల" అనేది.

ఐప్పసి నెల వానల్లో ఎవరో మూట ఎత్తుకుపోయారు. వానలో తడిసిన చీరతోనే ఉండి జ్వరం తెచ్చుకుంది. పూలామె ఆటో ఎక్కించి ప్రభుత్వాస్పత్రిలో చేర్పించింది. నేను వెళ్లేసరికి ఆయాసంతో ఉంది, మాట రావడం లేదు. నా చెయ్యి చూసి గుర్తుపట్టినట్టు వేళ్లు కదిపింది. మూడో రోజు పోయింది. బస్టాండు వాళ్లే పూనుకుని అంతా చేశారు. ఆమె తిట్లు తిన్న డ్రైవరొకడు పాడె మోశాడు.

సేత్తూరులో తాతకు చెప్పాలి కదా అని ఆ ఆదివారం బస్సెక్కాను. ఆయన మేనకోడలి ఇల్లు ఊరి చివర, కొబ్బరితోట పక్కన. తాత వాకిట్లో కూర్చుని ఈనెలు చీలుస్తున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. నేను చెప్పులు విడిచేలోపే ఎత్తుకున్నాడు.

"రా అమ్మా, కూర్చో. అక్క ఎట్ల ఉండాది? పోయిన నెల వచ్చినాది గదా ఈడికి."

"అక్కా? ఈడికా?"

"అవు. పొద్దున బస్సుకి వచ్చినాది, సాయంత్రందాకా ఉండినాది. మా పాప కొళంబు అన్నము పెడితే రెండుసార్లు వేయించుకుని తినినాది. మంచి రూము దొరికినాదంట గదా, టేషన్ పక్కన? పెద్ద కిటికీ ఉండాదంట. పొద్దున ఎండ మంచంమీదికే వస్తాదంట. పక్కింటామె మంచిదంట, తోటకూర తెచ్చి ఇస్తాదంట. వింటా ఉంటే నాకు ఎంత సంతోషము అయినాదో!"

నేను వాకిట్లోనే కూర్చుండిపోయాను. తాత ఈనె పుల్లతో తోటలోకి చూపించాడు. చెట్ల మధ్య చిన్న సిమెంటు గది, పసుపు తలుపు.

"ఆ మోటరు రూము చూసినావా? కొత్త బోరు వేసినాక కాలీగానే ఉండాది. రూము సంగతి అంతా చెప్పి ముగించినాక నేనే అనినాను. అయ్యో తల్లీ, నీకు యాడా దొరకలేదేమో, ఈడికి పిలుచుకుందామని నేనూ మా పాపా మాట్లాడుకుంటా ఉంటిమే అని. ఆ రూము దిక్కే చూసినాది. అప్పుడు, నాకేమిటికి తాతా, నాది నాకు ఉండాది గదా అనినాది."

ముందే ఆయన అడిగి ఉంటే ఏమయ్యేదో. ముందే ఆమె చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో. నోటినుంచి వచ్చిన ఆ గదిని మళ్లీ లోపలికి మింగలేక, సాయంత్రం బస్సెక్కి బస్టాండులో దిగి, గోడవారకు నడిచి ఉంటుంది.

"దగ్గు తగ్గినాక వస్తాను చూసేదానికి అంటిని. రా, కాపీ పోసి ఇస్తాను అనినాది. ఆ రూము ఏ వీధిలో అమ్మా? పేరు అడిగేదానికి మరిచిపోయినా" అన్నాడు తాత.

అప్పుడు చెప్పాను. ఆశ్రమం సంగతి, బస్టాండు సంగతి, వాన, ఆస్పత్రి, అంతా చెప్పాను. తాత అడ్డు రాకుండా విన్నాడు. దగ్గు కూడా రాలేదు. చేతిలోని ఈనెను అటూ ఇటూ తిప్పాడు. లోపలినుంచి మేనకోడలు కాఫీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది.

చివరికి నా మొహంలోకి చూసి, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"అట్లయితే ఆ కిటికీ గూడా లేదా అమ్మా?"

"లేదు తాతా" అన్నాను.